టెర్మినల్ సర్వర్‌లో ట్రాఫిక్ కౌంటర్లు సున్నా చేస్తే కాటా కనెక్షన్లు తెగిపోతాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: గాజువాక దగ్గర మీ యార్డులో 16 సీరియల్ పోర్టుల పాత సిస్కో 2511 టెర్మినల్ సర్వర్ (సీరియల్ తీగతో పనిచేసే పరికరాలను నెట్‌వర్క్‌కి కలిపే పెట్టె) ఉంది. దానికి రెండు లారీ కాటాలు, మూడు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు, కొన్ని స్విచ్‌ల కన్సోళ్లు తగిలించారు. మధ్యాహ్నం భోజనాల తర్వాత 7వ లైన్ (అంటే 7వ సీరియల్ పోర్టు) కాటా బరువు కంప్యూటర్ తెర మీదికి రావడం లేదు. ఒక్కోసారి ఐదు నిమిషాలకు, ఒక్కోసారి అరగంటకు దానంతటదే వస్తోంది. ఈలోగా లారీలు గేటు దాటి రోడ్డు మీద నిలబడుతున్నాయి. ఈథర్‌నెట్ లెక్కల్లో సీఆర్‌సీ (దారిలో పాడై వచ్చిన ప్యాకెట్ల లెక్క) 48,212 అని చూపిస్తోంది. మీ సీనియర్ "కౌంటర్లు క్లియర్ చేసి చూడు" అన్నారు. అలా చేస్తే నడుస్తున్న కనెక్షన్లు తెగుతాయేమోనని మీ టెన్షన్.

తెగవు. కౌంటర్లు సున్నా చేయడం స్కూటర్‌లో ట్రిప్ మీటర్ తిప్పినట్టే. బండి ఆగదు, పెట్రోలు తగ్గదు. "క్లియర్ కౌంటర్స్ ఈథర్‌నెట్ 0" అని కొట్టండి, నిజంగానే చేయాలా అని అడిగితే ఎంటర్ నొక్కండి, అంతే. ప్రివిలేజ్డ్ మోడ్‌లో, అంటే "ఎనేబుల్" చేశాక ఉండాలి. (కమాండ్లను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేది మామూలుగానే ఇంగ్లిషులో.)

అయినా ఇప్పుడే చేయొద్దు. ఆ 48,212 మీ దగ్గరున్న ఆధారం. దాన్ని ఎక్కడా రాసుకోకుండా తుడిచేస్తే, దొంగతనం జరిగిన ఇంట్లో పోలీసులు రాకముందే ఇల్లు ఊడ్చినట్టు అవుతుంది.

ఇంకో సంగతి, ఇది ప్రమాదకరమైనది. "క్లియర్ కౌంటర్స్" వేరు, "క్లియర్ లైన్" వేరు. మొదటిది లెక్క మాత్రమే తుడుస్తుంది. రెండోది ఆ లైన్ మీద ఎవరున్నా మెడపట్టి బయటికి గెంటేస్తుంది. ఈ రెండింటినీ కలగలిపింది మరెవరో కాదు, నేనే. చాలా ఏళ్ల కిందట, పోర్టు రోడ్డు మీద ఓ గోదాములో, సాయంత్రం రద్దీలో 5వ లైన్ లెక్కలు సున్నా చేద్దామనుకుని "క్లియర్ లైన్ 5" కొట్టాను. అది గేట్‌పాస్ ప్రింటర్. సగం అచ్చయిన పాస్ అలాగే ఆగిపోయింది. ఆ కంప్యూటర్‌లోని పాత ప్రోగ్రాముకి తెగిన కనెక్షన్ మళ్లీ కలుపుకోవడం తెలియదు, మొత్తం బిగుసుకుపోయింది. లారీ డ్రైవర్లు ఆ సాయంత్రం నాకు నేర్పిన మాటలు ఇక్కడ రాయలేను. అప్పటి నుంచి "క్లియర్" అని టైప్ చేశాక ఒక్క క్షణం చేయి తీసి, తర్వాతి మాట ఏమిటో చదివాకే ఎంటర్ కొడతాను.

ఇక చూడటం ఎలా. ముందు పుట్టీలో (సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రాములో) సెషన్ లాగ్ ఆన్ చేయండి, అంతా ఒక ఫైలులోకి పోతుంది. "టెర్మినల్ లెంగ్త్ 0" కొట్టండి, లేకపోతే ప్రతి తెరకూ స్పేస్ నొక్కుతూ కూర్చోవాలి. తర్వాత వరుసగా "షో వెర్షన్", "షో ఇంటర్‌ఫేసెస్ ఈథర్‌నెట్ 0", "షో లైన్", "షో లైన్ 7", "షో టీసీపీ బ్రీఫ్". ఇవన్నీ చూసే కమాండ్లే, ఎవరికీ హాని లేదు, పట్టపగలు లారీల మధ్యనే చేయొచ్చు. లాగ్‌లో టైము మాత్రం మీ చేతి గడియారం చూసి రాసుకోండి. 2511లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. నెట్‌వర్క్ నుంచి టైము తీసుకునే ఏర్పాటు చేయకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ 1993 మార్చి 1 నుంచి మొదలుపెడుతుంది. ఓ కుర్రాడు నాకు పంపిన రిపోర్టులో "మార్చి 4న ఎర్రర్లు ఎక్కువ" అని ఉంది. అది నవంబరు నెల.

"షో వెర్షన్" ఎందుకు అన్నానంటే అప్‌టైమ్ (పెట్టె ఆన్ అయి ఎంతకాలమైందో) కోసం. "షో ఇంటర్‌ఫేసెస్"లో చివరిసారి లెక్క తుడిచింది ఎప్పుడో చూపించే వరుస ఒకటి ఉంటుంది, మీ దాంట్లో అక్కడ "నెవర్" అని ఉందని రాశారు. దాన్ని చూసి కొన్న రోజు నుంచీ ఉన్న లెక్క అనుకుంటున్నారు. కాదు. "నెవర్" అంటే పెట్టె చివరిసారి ఆన్ అయినప్పటి నుంచి ఎవరూ తుడవలేదని మాత్రమే. పవర్ పోతే లెక్కలన్నీ ఎలాగూ సున్నా నుంచే మొదలవుతాయి, "నెవర్" మాత్రం అలాగే కనిపిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి మన ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు కదా. కరెంటు తిరిగొచ్చాక నేను చూసే ఓ చోట ఇంజనీరు గారు ఎర్రర్లు అన్నీ సున్నా చూపిస్తున్నాయని, తుపాను మన కేబుళ్లను ఏమీ చేయలేదని పై అధికారికి రాసేశారు. పెట్టె ఆన్ అయి అప్పటికి రెండు గంటలే. కిటికీ పక్కన కేబుల్ డక్టు నిండా నీళ్లు. ఆ నీళ్ల ప్రభావం లెక్కల్లోకి ఎక్కడానికి వారం పట్టింది.

కాబట్టి మీ 48,212 పెద్దదో చిన్నదో అప్‌టైమ్ చూస్తే తప్ప చెప్పలేం. పెట్టె మూడేళ్లుగా ఆగకుండా నడుస్తుంటే రోజుకు సగటున 44. మన ఊరి పాత వైరింగ్‌లో దాన్ని నేను పట్టించుకోను. పోయిన వారమే ఆన్ అయి ఉంటే రోజుకు దాదాపు 6,900, అప్పుడు కేబుల్ మార్చాల్సిందే. ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది: మూడేళ్ల లెక్కే అయినా, ఎవరో వెల్డింగ్ చేసిన ఒకే మధ్యాహ్నం ఆ మొత్తమూ పడి ఉండొచ్చు. సగటుకు ఆ సంగతి తెలియదు.

అందుకే నా పద్ధతి: ఉదయం 10 గంటలకు ఒక రీడింగు, మధ్యాహ్నం 1కి ఒకటి, మీ గొడవ జరుగుతుండగా ఒకటి, సాయంత్రం ఒకటి. తేడాలు తీయండి. కరెంటు మీటరు చదివేవాడు ప్రతి నెలా మీటరు సున్నా చేస్తాడా? పాత రీడింగు తీసేసి బిల్లు వేస్తాడు. ఇదీ అంతే. నిజానికి కౌంటర్ తుడవాల్సిన అవసరం నాకు ఏడాదికి నాలుగైదు సార్లకు మించి రాదు.

ఈథర్‌నెట్ వరుసల్లో చాలావాటిని పట్టించుకోనక్కర్లేదు. ఈ మోడల్ ఈథర్‌నెట్ 10 మెగాబిట్ల హాఫ్ డూప్లెక్స్, అంటే ఒకేసారి పంపడం, అందుకోవడం రెండూ చేయలేదు. కొలిజన్స్ (ఇద్దరూ ఒకేసారి పంపి గుద్దుకోవడం) కొన్ని ఉండటం సహజం, వాటిని చూసి బెంబేలు పడకండి. లేట్ కొలిజన్స్ (ప్యాకెట్ చాలావరకు వెళ్లాక జరిగే గుద్దుకోవడాలు) పెరుగుతుంటే మాత్రం, స్విచ్ వైపు ఎవరో పోర్టును బలవంతంగా ఫుల్ డూప్లెక్స్‌కి పెట్టి ఉంటారు, వెళ్లి చూడండి. అలాంటప్పుడు సర్వర్ వైపు లేట్ కొలిజన్లు, స్విచ్ వైపు సీఆర్‌సీలు కనిపిస్తాయి. సర్వర్ వైపే సీఆర్‌సీ పెరుగుతుంటే నేను మొదట అనుమానించేది కేబుల్, ట్రాన్స్‌సీవర్ (పెట్టెని నెట్‌వర్క్ కేబుల్‌కి కలిపే చిన్న అడాప్టర్), కనెక్టర్. సముద్రానికి దగ్గర్లో ఉన్న మనకు ఇది పెద్ద బెడద. ఉప్పుగాలికి ఆర్‌జె 45 పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది. హార్బరు వైపు షెడ్లలో ఏసీ లేని గదుల్లో రెండేళ్లకే అలా అయిన కనెక్టర్లు నా డబ్బాలో ఇంకా ఉన్నాయి, కొత్తగా చేరిన కుర్రాళ్లకు చూపిస్తుంటాను. పైకి లింక్ లైటు చక్కగా వెలుగుతూనే ఉంటుంది. ఊడదీసి మళ్లీ గుచ్చితే చిలుము కాస్త గీసుకుని నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలు. కొత్త కనెక్టర్ క్రింప్ చేయండి, రుద్దుతూ కూర్చోకండి.

కౌంటర్ తుడవాల్సింది ఇదిగో, ఇక్కడ. కేబుల్ మార్చాక పాత లెక్క రాసుకుని సున్నా చేయండి. మర్నాడు సీఆర్‌సీ సున్నాగానే ఉంటే మీ పని ఫలించినట్టు. మార్పు చేసిన చోటే తుడుపు. మార్పేమీ చేయకుండా తుడిస్తే అంకె చిన్నదవుతుంది, జబ్బు అలాగే ఉంటుంది. రివ్యూ మీటింగుకి ముందురోజు రాత్రి అన్ని పెట్టెల్లో కౌంటర్లు తుడిపించే పెద్దమనిషి ఒకాయన దగ్గర నేను పనిచేశాను. ఆయన రిపోర్టుల్లో ఎప్పుడూ ఎర్రర్లు ఉండేవి కావు.

టెర్మినల్ సర్వర్‌కే ప్రత్యేకమైన లెక్క ఒకటి చెబుతాను, దీన్ని ఎవరూ చూడరు. వచ్చిన బైట్లను వచ్చిన ప్యాకెట్లతో భాగించండి. వెళ్లినవాటికీ అలాగే. టెర్మినల్ సర్వర్ పని అక్షరం అక్షరం మోయడం. ఈథర్‌నెట్ ఫ్రేమ్ ఎంత చిన్నదైనా 64 బైట్లకు తగ్గదు. అంటే ఒక్క అక్షరం పంపినా 64 బైట్ల బండి కట్టాలి. మీ కాటా ఇండికేటర్ 18 అక్షరాల బరువును సెకనుకు 10 సార్లు పంపుతోంది అనుకుందాం, అంటే 180 అక్షరాలు. 9600 స్పీడులో స్టార్ట్, స్టాప్ బిట్లు కలిపి అక్షరానికి 10 బిట్లు, కాబట్టి సెకనుకు 960 అక్షరాలు పడతాయి. సీరియల్ తీగకి ఇది ఏ మూలకీ రాదు. అదే 180 అక్షరాలు విడివిడి ప్యాకెట్లుగా వెళితే నెట్‌వర్క్ మీద సెకనుకు 11,520 బైట్లు, అటునుంచి వచ్చే రసీదు ప్యాకెట్లు అదనం. సరుకు చారెడు, బండ్లు మాత్రం నూట ఎనభై.

సగటు 64, 70 దగ్గర ఉంటే ఇదే జరుగుతోందని అర్థం. ఇది జబ్బు కాదు. కానీ 20 మెగాహెర్ట్జ్ 68030 ప్రాసెసర్ మీద నడిచే పెట్టెకి బైట్ల కంటే ప్యాకెట్ల సంఖ్యే బరువు. "డిస్పాచ్ టైమవుట్" పెట్టి అక్షరాలను కొద్ది మిల్లీసెకన్లు పోగుచేసి పంపమంటే భారం బాగా తగ్గుతుంది. సగటు ఉన్నట్టుండి 500కి పోతే ప్రింటు పనులో, లేదా అసలు దానికి సంబంధం లేని ట్రాఫిక్కో వచ్చిపడుతోంది. ఓ యార్డులో సీసీ కెమెరాలను ఇదే నెట్‌వర్క్‌లో కలిపేశారు. వాటి మల్టీకాస్ట్ (ఒకేసారి చాలామందికి పంపే) ప్రవాహం ఈ 10 మెగాబిట్ల పోర్టులోకి వచ్చిపడి "ఇగ్నోర్డ్", "నో బఫర్" లెక్కలు (చోటు లేక వదిలేసిన ప్యాకెట్లు) నిమిషనిమిషానికీ పెరిగాయి. కెమెరాలకు వేరే వీలాన్ (అదే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్) ఇచ్చాక పెట్టె ఊపిరి పీల్చుకుంది.

ఇక అసలు మీ కాటా సంగతి. మీరు సీఆర్‌సీ గురించి అడిగారు గానీ, నా అనుమానం ఈథర్‌నెట్ మీద లేదు, 7వ లైన్ మీద ఉంది. కేబుల్ పాడైతే ప్రింటర్లూ, రెండో కాటా కూడా తడబడాలి. అది కూడా భోజనాల వేళ చూసుకుని తడబడదు.

భోజనానికి వెళ్లేటప్పుడు మీ ఆపరేటర్ ప్రోగ్రాము మూసేసి వెళుతున్నారా? ఇండికేటర్ మాత్రం బరువు పంపుతూనే ఉంటుంది కదా. ప్రోగ్రాము మూసేయగానే లైన్ ఖాళీ అవుతుంది. ఆ లైన్ మీద "ఎగ్జెక్" (లాగిన్ అయి కమాండ్లు కొట్టే సెషన్) అనుమతించి ఉంటే, వచ్చే అంకెలను చూసి సర్వర్ ఎవరో మనిషి టెర్మినల్ ముందు కూర్చుని టైప్ చేస్తున్నాడనుకుంటుంది. లాగిన్ అడుగుతుంది. కాటా జవాబుగా "12480" అంటుంది. పాస్‌వర్డ్ తప్పు, మళ్లీ చెప్పమంటుంది. కాటా మళ్లీ "12480" అంటుంది. ఈ సంభాషణ నడుస్తున్నంతసేపూ లైన్ బిజీ. భోంచేసి వచ్చిన ఆపరేటర్ ప్రోగ్రాము తెరిస్తే 2007 పోర్టు కనెక్షన్ తిరస్కరిస్తుంది (2000కి లైన్ నంబరు కలిపితే పోర్టు). మూడుసార్లు తప్పు చెప్పాక సర్వర్ ఆ సెషన్ వదిలేస్తుంది. ఆ సందులో కంప్యూటర్ దూరితే బరువు వస్తుంది, కాటాయే మళ్లీ ముందు దూరితే ఇంకాసేపు ఆగాలి. ఐదు నిమిషాలకో అరగంటకో దానంతటదే రావడం దీనికి అచ్చంగా సరిపోతోంది.

రుజువు చేసుకోవడం తేలిక. గొడవ జరుగుతుండగా "షో లైన్" కొట్టండి. 7వ వరుస ముందు నక్షత్రం గుర్తు (*) ఉంటే లైన్ వాడకంలో ఉన్నట్టు. వెంటనే "షో టీసీపీ బ్రీఫ్" చూడండి. అందులో 2007తో కలిసిన కనెక్షన్ ఏదీ లేకపోతే లైన్‌ని పట్టుకున్నది మీ కంప్యూటర్ కాదు. పైగా అదే వరుసలో "యూజెస్" (లైన్ ఎన్నిసార్లు వాడారో), "నాయిజ్" (లైన్ మీద గోల ఎన్నిసార్లు కనిపించిందో) అంకెలను మిగతా లైన్లతో పోల్చండి. రోజుకు రెండు మూడు సార్లు తెరిచే లైన్‌కి యూజెస్ వేలల్లో ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. ఈ రెండూ పెట్టె ఆన్ అయినప్పటి నుంచి ఉన్న లెక్కలు. ఈథర్‌నెట్ కౌంటర్ తుడిచాక కూడా ఇవి అలాగే కనిపిస్తే కంగారు పడకండి.

మందు ఒక్క మాట: కాన్ఫిగరేషన్‌లో "లైన్ 7", కింద "నో ఎగ్జెక్". "ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌పుట్ టెల్నెట్" (నెట్‌వర్క్ నుంచి లైన్‌లోకి రానిచ్చే అనుమతి) ఉందో లేదో కూడా చూసుకోండి. తర్వాత ఒక్కసారి మాత్రం, లారీ లేనప్పుడు, తెలిసే "క్లియర్ లైన్ 7" కొట్టండి. "రైట్ మెమరీ" (మార్పును దాచే కమాండ్) మరిచిపోతే తర్వాతి కరెంటు కోతకు మళ్లీ మొదటికొస్తారు. కాటాలు, కన్సోళ్లు ఉన్న లైన్లన్నింటికీ ఇదే పెట్టండి.

"షో లైన్"లోని 7వ వరుసలోనే "ఓవర్‌రన్స్" కింద 0/0 లాంటి జంట ఉంటుంది. మొదటిది సీరియల్ చిప్ మోయలేక వదిలేసినవి, రెండోది సాఫ్ట్‌వేర్ బఫర్ నిండి పోయినవి. 9600 కాటాకి రెండూ సున్నాగానే ఉండాలి. ఫ్రేమింగ్ తప్పులు (అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పోల్చుకోలేనివి) కనిపిస్తే ఎవరో స్పీడు మార్చారు, లేదా కేబుల్ తెగే దశలో ఉంది.

కౌంటర్లు తుడిస్తే మానిటరింగ్ గ్రాఫ్ చెడిపోతుందా అని కూడా అడిగారు. సిస్కోలో "క్లియర్ కౌంటర్స్" కొట్టినా ఎస్ఎన్ఎంపీ (మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ దూరం నుంచి లెక్కలు చదివే పద్ధతి) కౌంటర్లు కదలవు. తుడిచేది "షో ఇంటర్‌ఫేస్"లో కనిపించే లెక్క మాత్రమే, మీ గ్రాఫ్‌కి ఏమీ కాదు. అన్ని కంపెనీల పెట్టెలూ ఇలా ఉండవు. లెక్క నిజంగానే సున్నాకి పడే చోట, మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ "నిన్నటికంటే అంకె తగ్గింది, అంటే కౌంటర్ నిండి తిరిగి మొదలైంది" అనుకుని గ్రాఫ్‌లో సింహాచలం కొండంత గీత గీస్తుంది. 32 బిట్ల కౌంటర్ 4,294,967,296 దగ్గర నిండుతుంది. 10 మెగాబిట్ల లైను పూర్తిగా నిండి నడిస్తే సుమారు 57 నిమిషాలు, 100 మెగాబిట్లకైతే ఆరు నిమిషాల లోపే. కాబట్టి గంటకోసారి చదివే గ్రాఫ్‌ని మీ 10 మెగాబిట్ల పెట్టెకి కూడా నమ్మొద్దు, ఐదు నిమిషాలకోసారి పెట్టండి.

వేరే పెట్టెలున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. లినక్స్ మీద నడిచే కొత్త కన్సోల్ సర్వర్లలో "ఐపీ మైనస్ ఎస్ లింక్"తో చూడొచ్చు, తుడవడానికి మామూలు కమాండ్ లేదు. "ఎన్‌స్టాట్" వాడితే అది పోయినసారి చూసినప్పటి నుంచి ఎంత పెరిగిందో తానే తీసి చెబుతుంది. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్‌లో "నెట్‌స్టాట్ మైనస్ ఈ" చూపిస్తుంది, తుడిచే వీలు దానికీ లేదు. ఎక్కడైనా పాత డెక్‌సర్వర్ (డెక్ కంపెనీ టెర్మినల్ సర్వర్) బతికి ఉంటే "షో సర్వర్ కౌంటర్స్", "జీరో కౌంటర్స్". వాటిలో నాకు నచ్చింది, సున్నా చేసి ఎన్ని సెకన్లయిందో లెక్కల పైనే చూపించడం. భాగహారం చేసుకుంటే చాలు, "నెవర్" లాంటి తిరకాసు లేదు.

రేపు మధ్యాహ్నం గొడవ మొదలవగానే "షో లైన్", "షో టీసీపీ బ్రీఫ్" రెండూ తీసి ఇక్కడ పెట్టండి, అప్‌టైమ్ కూడా. ఐపీ అడ్రసులు, పాస్‌వర్డులు కొట్టేసి పెట్టండి. 7వ వరుసలో నేను చెప్పినట్టు లేకపోతే కేబుల్ దగ్గర నుంచి మళ్లీ మొదలుపెడదాం.